లెక్క చూపిన కాయకము

శ్రీ గురుబసవలింగాయ నమః

కాయకమను మాట వీరశైవ సభలలో తరచుగా వినిపించును. బసవ జయంతినాడు వేదికపై దానిని గూర్చి ప్రసంగములు జరుగును. కాయకము కైలాసముతో సమానమని పెద్దలు చెప్పుదురు, పిన్నలు విందురు. కాని సభ ముగిసి, ఇంటికి పోవు దారిలో బండి ఆగిపోయి, రేకుల షెడ్డు ముందు నిలువవలసి వచ్చినప్పుడు ఆ మాట ఎందరికి జ్ఞప్తికి వచ్చును? అచట మరమ్మతు చేయువాడు ధర చెప్పును, చేయించుకొనువాడు అనుమానించును. ఒకడు మోసపోతినని తలంచును. మరియొకడు తన శ్రమకు విలువ లేదని బాధపడును. కాయకమునకు నిజమైన పరీక్ష వేదికపై లేదు, ఆ షెడ్డులోనే కలదు.

పన్నెండవ శతాబ్దమున కళ్యాణ నగరమందు బసవేశ్వరుని చుట్టును చేరిన శరణులలో ఎన్ని వృత్తులవారుండిరో ఎల్లరు ఎరిగినదే. మడివాళ మాచయ్య బట్టలుతికెను. అంబిగర చౌడయ్య పడవ నడిపెను. మేదర కేతయ్య వెదురు బుట్టలల్లెను. నులియ చందయ్య గడ్డి కోసి తాళ్ళు పేనెను. హరళయ్య చెప్పులు కుట్టెను. వీరిలో నొకడును తన పనిని నీచమని తలంపలేదు, దానిని విడిచి అడవికి పోలేదు. చేతిపనియే వారికి పూజ అయినది. అట్లని చేసిన ప్రతి పనియు కాయకము కాదు. పనిలో సత్యముండవలెను, సంకల్పము శుద్ధముగా నుండవలెను. దానికి తగిన ప్రతిఫలమే గైకొనవలెను. మిగిలినది దాసోహమునకు చెందవలెను. దీనినే సత్యశుద్ధ కాయకమనిరి.

నేడు తాడు పేనువారు తక్కువైరి, ఇంజను విప్పువారు ఎక్కువైరి. విజయవాడ ఆటోనగరు మొదలుకొని జహీరాబాదు రహదారి ప్రక్కనున్న చిన్న షెడ్డు వరకు వేలకొలది చేతులు నల్లని నూనెలో మునిగి పని చేయుచున్నవి. ఆ చేతులు ఆగినచో లారీ కదలదు, ట్రాక్టరు దున్నదు, రోగి ఆసుపత్రికి చేరడు. ఇంతటి ఉపకారము చేయు వృత్తియందే నిత్యము ధరను గూర్చి తగవులు పుట్టుచుండుట విచారింపదగిన విషయము. ఈ తగవుల మూలమెచట నున్నది? దానికి శరణుల మార్గమున పరిష్కారము కలదా? ఈ ప్రశ్నలకు సమాధానముగా నొక ఊరి కథను వినుడు.

హైదరాబాదు నుండి ముంబయి పోవు రహదారి మీద ఒక చిన్న పట్టణము. అచట ఒక మేస్త్రీ ఇరువది ఏండ్లుగా మరమ్మతుల షెడ్డు నడుపుచుండెను. మెడలో లింగము ధరించినవాడు. ఉదయము లింగపూజ కానిదే స్పానరు ముట్టడు. అతని వద్ద పదునెనిమిదేండ్ల కుర్రవాడొకడు పని నేర్చుకొనుచుండెను. అదే పట్టణమున ఆటో నడుపువాడొకడు కలడు. అప్పుచేసి ఆటో కొన్నాడు. నెలనెలా వాయిదా కట్టవలెను. ఏ చిన్న పని వచ్చినను ఆ షెడ్డుకే వచ్చుచు, మేస్త్రీని "అన్నా" యని నోరార పిలుచుచుండెను.

ఒకనాడు ఆ ఆటో పొగ విపరీతముగా చిమ్ముచు, ఎత్తు ఎక్కలేక షెడ్డు చేరెను. "ఎంతగును అన్నా?" యని అతడడిగెను. మేస్త్రీ ఇంజను శబ్దము విని, "నాలుగైదు వేలు కావచ్చును" అనెను. ఇంజను విప్పి చూడగా నష్టము తలచినదానికంటె ఎక్కువగా నుండెను. పిస్టను, రింగులు అరిగినవి. బేరింగులు వదులైనవి. క్లచ్ ప్లేట్లును పనికిరానివైనవి. మేస్త్రీ ఆ సంగతిని ఆటోవానికి తెలుపలేదు. పని తొందరలో నుండి, భాగములు తెప్పించి, కుర్రవానితో కలిసి మూడు దినములు శ్రమించి ఇంజను కూర్చెను. నాల్గవ నాడు ఒక చిన్న చీటీ ఆటోవాని చేతికిచ్చెను. అందులో రెండే పంక్తులు: సామానులు రూ. 8,400, లేబరు రూ. 1,200. మొత్తము రూ. 9,600.

ఆటోవాని ముఖము నల్లబడెను. అతడేమియు పలుకక బజారుకు పోయి, విడిభాగముల దుకాణమున అవే సామానుల ధర లడిగెను. అన్నియు కలిపి రూ. 6,500 అని దుకాణదారుడు చెప్పెను. రూ. 1,900 తేడా! అతడు షెడ్డుకు తిరిగివచ్చి, "అన్నా" యనుట మాని "ఏమయ్యా!" యని పిలిచెను. ఆ ఒక్క పిలుపుతో ఇరువది ఏండ్ల చుట్టరికము తెగినట్లయినది. దొంగవని అతడనెను. డబ్బు కట్టనిదే బండి కదలదని మేస్త్రీ అనెను. ఆటో స్టాండులో ఆ మాట వ్యాపించెను. ఇద్దరు ముగ్గురు తమ బండ్లను వేరు షెడ్డులకు తీసికొనిపోయిరి. పదకొండు దినములు గడచెను. వాయిదా తేదీ దాటినది. ఇరువైపుల బంధువులు కర్రలు పట్టుకొను స్థితి ఏర్పడెను.

ఆ ఊరిలో ఒక వృద్ధ జంగమయ్య కలడు. ఇరువురి ఇండ్లకును వచ్చిపోవువాడు. సోమవారము నాడు ఆయన షెడ్డుకు వచ్చి, ఒక పాత టైరు మీద కూర్చుండి, ఆటోవానిని పిలిపించెను. ఎవరిది తప్పని ఆయన అడుగలేదు. ఒక కథ చెప్పెను.

బసవేశ్వరుడు బిజ్జలుని భండారి. రాజ్యపు ధనమంతయు ఆయన చేతిలో నుండెను. భండారమును జంగములకు పంచిపెట్టుచున్నాడని గిట్టనివారు రాజుకు చెప్పిరి. రాజు అనుమానించి లెక్క అడిగెను. బసవేశ్వరుడంతటివాడు "నన్నే శంకింతురా?" యని అలుగవచ్చును, "నేను భక్తుడను, నా మాటయే చాలును" అనవచ్చును. ఆయన అట్లనలేదు. భండారమును తెరిపించి లెక్క చూపెను. లెక్కింపగా ఒక్క మాడయు తక్కువ కాలేదని పాల్కురికి సోమనాథుడు తెలుగున వ్రాసిన బసవపురాణము వలన తెలియుచున్నది. జనులు దీనిని మహిమగా చెప్పుకొందురు. మహిమయే కావచ్చును. కాని అందులో నొక గృహస్థ ధర్మమును కలదు: లెక్క అడిగినవాని మీద కోపింపరాదు. లెక్క చూపుట అవమానము కాదు, అది భక్తునికి భూషణము.

కథ ముగించి జంగమయ్య మేస్త్రీ వంక చూచి, "బసవన్న చూపిన లెక్క నీవు చూపరాదా?" అనెను. మేస్త్రీ కొంతసేపు తల వంచుకొని యుండి, కుర్రవానిని పిలిచి ఒక నోటుపుస్తకము తెమ్మనెను. "నేను చెప్పెదను, నీవు వ్రాయుము" అనెను.

మొదట పెట్టె సామానులు. ఖాళీ పెట్టెలు షెడ్డు మూలనే యుండెను. వాటి మీద ముద్రించిన గరిష్ఠ ధరలను కూడగా రూ. 5,400 అయినది. దుకాణమువాడు మేస్త్రీకి వాటిని రూ. 4,900కు ఇచ్చినాడు. చీటీలో వాటికి పడిన మొత్తము రూ. 7,100. అనగా ముద్రించిన ధర కంటె రూ. 1,700 ఎక్కువ.

ఆటోవాడు లేచి, "చూచితిరా అయ్యగారూ!" అనెను. జంగమయ్య అతనిని కూర్చుండుమని సైగచేసి, "ఇక లేబరు చెప్పు" మనెను.

మేస్త్రీ చెప్పెను: "మూడు దినముల పని. నా వంటి పనివానికి ఏ షెడ్డులోనైనను దినమునకు 800 ఇత్తురు. కుర్రవానికి 400. మూడు దినములకు 3,600 కావలెను. చీటీలో 1,200 అని వ్రాసితిని."

"తక్కువ యేల వ్రాసితివి?"

"లేబరు 3,600 అని వ్రాసిన ఎవడిచ్చును అయ్యగారూ? మర బిగించినందుకు ఇంత డబ్బా యని అందురు. ఇనుమునకు అడిగినంత ఇత్తురు, చేతికి ఈయరు. అందుచే చేతి కూలిని ఇనుములో దాచి వ్రాయుట అలవాటైనది."

జంగమయ్య ఆటోవాని వైపు తిరిగెను. "గత సంవత్సరము క్లచ్ కేబులు వేయించుకొంటివి కదా. పని ఎంతసేపు పట్టినది?"

"గంట పట్టినది."

"కూలి ఎంతడిగెను? నీవెంత ఇచ్చితివి?"

ఆటోవాడు నేల చూపులు చూచుచు, "నూట ఏబది అడిగినాడు. ఏబది ఇచ్చితిని" అనెను.

"ఏమని ఇచ్చితివి?"

"ఇంత చిన్న పనికి ఇంతేల అని..."

షెడ్డులో కొంతసేపు ఎవరును మాటలాడలేదు. ఆటోవాడు ఎక్కించుకొనువారు కూడ అతనితో ఇట్లే బేరమాడుదురు. కిలోమీటరు దూరమునకు ఇంతేల యని అందురు. ఆ మాట అతనికి ఎంత నొప్పి కలిగించునో అతనికే తెలియును. అదే మాటను అతడు మరియొక కష్టజీవితో అనియున్నాడు.

లెక్క ముగియలేదు. చివర క్లచ్ ప్లేట్లు మిగిలినవి. చీటీలో వాటికి రూ. 1,300 పడినది. మేస్త్రీ, "క్లచ్ ప్లేట్లు" అని చెప్పి ఆగిపోయెను. కుర్రవాడు కలము పట్టుకొని, వ్రాయక, యజమాని ముఖము వంక చూచుచుండెను. ఏమి వ్రాయవలెనో అతనికి తెలియును. కాని వ్రాయుటకు భయము. వాటిని బజారు నుండి తెచ్చినవాడు అతడే. మేస్త్రీ ఆ పిల్లవాని చూపును చూచెను. లింగము మీద చేయి వైచి, "వ్రాయరా. లోకలు అని వ్రాయుము. వెల 500 అని వ్రాయుము" అనెను. అసలు కంపెనీ ప్లేట్లకు పెట్టె మీద ధర రూ. 1,100. మేస్త్రీ లోకలు ప్లేట్లు వేసి, అసలువాని ధర కంటెను ఎక్కువ వ్రాసియుండెను.

మొత్తము కూడిరి. న్యాయమైన కూలి 3,600. పెట్టె సామానులు ముద్రించిన ధరకు 5,400. ప్లేట్లు 500. వెరసి రూ. 9,500. చీటీలో నుండినది రూ. 9,600.

నూరు రూపాయల తేడా! ఆ నూరు రూపాయలు తెలియక ఆటో పదకొండు దినములు ఆగిపోయినది. దినమునకు ఆరు వందల చొప్పున ఆటోవాడు రూ. 6,600 సంపాదన పోగొట్టుకొన్నాడు. మేస్త్రీ ఇరువది ఏండ్ల పేరు పోగొట్టుకొన్నాడు. ఇరువురి బంధువులు రక్తము చిందించుటకు సిద్ధపడిరి.

ఈ చోట పాఠకులు తొందరపడి, "తేడా నూరే కదా, మేస్త్రీ మోసము చేయలేదు" అని తలంపరాదు. జంగమయ్యయు అట్లు తలంపలేదు. ఆయన మూడు విషయములను వేరుచేసి చెప్పెను. కూలిని సామానులో దాచుట ఒకటి. అది కూలి హక్కే, కాని దానికి తొడిగిన వేషము అసత్యము. పెట్టె మీది ధర కంటె ఎక్కువ వ్రాయుట రెండవది. అది ధర్మమునకును, చట్టమునకును విరుద్ధము. లోకలు వేసి అసలని చూపుట మూడవది. ఇది కేవలము చౌర్యము. మొత్తము సరిపోయినంత మాత్రమున మూడవది మొదటిదానిలో కరగిపోదు. పాలలో కలిసిన నీరు పాలైపోదు కదా!

మేస్త్రీ ఆ దినముననే లోకలు ప్లేట్లు తీసివైచి అసలైనవి వేసెను. ఆ తేడాను, ఆ పని కూలిని తానే భరించెను. విప్పిన పిమ్మట పెరిగిన ఖర్చును ముందుగా చెప్పకపోవుట తన తప్పని ఒప్పుకొనెను. ఆటోవాడు రూ. 9,500 రెండు వాయిదాలలో చెల్లించెను. స్టాండులో తాను "దొంగ" యని యన్న చోటనే నిలిచి, జరిగిన లెక్క యంతయు తోటివారికి చెప్పెను. నింద వేసిన చోటనే నింద తీసివేయుట కూడ ఒక ప్రాయశ్చిత్తమే.

బంధువులారా! ఈ కథ వలన గ్రహింపవలసినది ఏమి? కూలికి గౌరవము లేని చోట సామాను ధరలో అసత్యము పుట్టును. ఇనుమునకు వెల కలదని, చేతికి వెల లేదని తలంచు సమాజము తన్ను తానే మోసగించుకొనును. చెడిన భాగమును కనుగొనుట విద్య. ఇంజను శబ్దము విని రోగము చెప్పుటకు ఏండ్లు పట్టును. ఆ విద్యకు వెల ఈయనొల్లనివాడు, ఆ వెలను వేరొక పేరుతో ఈయక తప్పదు. అప్పుడు తాను దేనికి ఎంత ఇచ్చుచున్నాడో తనకే తెలియదు. శరణులు శరీర శ్రమకు ఇచ్చిన గౌరవము ఉపన్యాసమునకు పరిమితము కాక, లేబరు అని వ్రాసిన పంక్తిని సణుగక చెల్లించునంతవరకు రావలెను.

మరమ్మతు చేయువారికిని ఒక మాట. ఆయ్దక్కి మారయ్య కథ మీకు తెలియును. ఆయన బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట కాయకముగా చేసికొనెను. ఒకనాడు ఆయన నిత్యము కంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. భార్య లక్కమ్మ సంతోషింపలేదు. నిత్యము కంటె అధికమెట్లు వచ్చినదని ప్రశ్నించి, ఎక్కువైనదానిని తిరిగి ఇచ్చి రమ్మని పంపెను. ఆ బియ్యము దొంగిలించినది కాదు. ఎవరును లెక్క అడుగలేదు. ఐనను అధికము ఇల్లు చేరరాదని ఆ తల్లి నిలిచినది. షెడ్డులోని అధికమును అడుగు లక్కమ్మ ప్రతి మేస్త్రీ ఇంటను, లేదా అతని మనస్సులోనైనను, ఉండవలెను.

ఐనను దీనిని విని, భక్తుడైన మేస్త్రీ లాభము లేకుండ పని చేయవలెనని ఎవరును అర్థము చేసికొనరాదు. నులియ చందయ్య తాడు ఉచితముగా ఈయలేదు. దాని వెల తీసికొనెను. వెలకు మించి వచ్చినదానిని మాత్రము ఆయన అంగీకరింపలేదని పెద్దలు చెప్పుదురు. షెడ్డుకు అద్దె కలదు, కరెంటు కలదు, పనిముట్లు అరుగుచుండును, దుకాణమువానికి శనివారము అప్పు తీర్చవలెను. వేసిన భాగము వారములో చెడినచో మరల విప్పి ఉచితముగా వేయవలసి వచ్చును. కథలోని మేస్త్రీకి దుకాణమువాడిచ్చిన రూ. 500 తగ్గింపు ఇట్టి భారములకు సరిపోవు న్యాయమైన లాభమే. పెట్టె మీది ధరకు లోబడి లాభము పొందుట దోషము కాదు. దానిని దాటుట, మార్చుట, మరుగుపరచుట దోషము.

ధర్మమునకు తోడు చట్టమును తెలిసికొనుట అవసరము. పెట్టెలో అమ్మెడు సరకుపై గరిష్ఠ ధర ముద్రింపవలెనని, దానికి మించి అమ్మరాదని 2009 నాటి తూనికలు కొలతల చట్టము క్రింద 2011లో వెలువడిన నిబంధనలు చెప్పుచున్నవి. వినియోగదారుల రక్షణ చట్టము మొదట 1986లో వచ్చినది. దాని స్థానమున 2019లో క్రొత్త చట్టము చేయబడి, 2020 జూలై 20 నుండి అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము బిల్లు ఈయకపోవుట అనుచిత వ్యాపార పద్ధతి. తగవు తీరనిచో 1915 అను సంఖ్యకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు చెప్పుకొనవచ్చును. జిల్లా కమిషనును రెండు సంవత్సరముల లోపల ఆశ్రయింపవచ్చును. ఐదు లక్షల రూపాయల వరకు చెల్లింపు గల వ్యవహారమునకు అచట రుసుము లేదు.

ఇక మేస్త్రీకిని చట్టము రక్షణ ఇచ్చినది. 1872 నాటి భారత ఒప్పందముల చట్టము 170వ సెక్షను ప్రకారము, తన నైపుణ్యముతో వస్తువును బాగుచేసినవాడు, వేరు ఒప్పందము లేనిచో, తనకు న్యాయముగా రావలసిన ప్రతిఫలము ముట్టువరకు ఆ వస్తువును తన వద్ద ఉంచుకొనవచ్చును. కాని ఆ హక్కు న్యాయమైన ప్రతిఫలమునకే కాని, దాచిన లెక్కకు కాదు. పైగా బండి తన వద్ద నున్నంతకాలము దానిని తన వస్తువు వలె జాగ్రత్తగా కాపాడవలసిన బాధ్యత కూడ అతనిదే.

ఈ దోషము చిన్న షెడ్డువారికే పరిమితమని తలంచుటయు అన్యాయము. పెద్ద భవనములలోను ఇది కలదు. కార్ల తయారీ సంస్థలు అసలు విడిభాగములను, మరమ్మతుకు కావలసిన పరికరములను తమ అనుమతి పొందిన కేంద్రములకే పరిమితము చేసి, బయటి మేస్త్రీలకు అందనీయకున్నవని 2011లో భారత పోటీ కమిషనుకు ఫిర్యాదు చేరెను. కమిషను విచారించి, 2014 ఆగస్టు 25న 14 సంస్థలు తప్పు చేసినవని నిర్ణయించి, వాటిపై సుమారు రూ. 2,544 కోట్ల జరిమానా విధించెను. విడిభాగములను బయటి విపణిలో లభింపజేయవలెనని ఆదేశించెను. ఆ సంస్థలు ఆ నిర్ణయమును పై న్యాయస్థానములలో ప్రశ్నించినవి. ఆ వ్యాజ్యముల మాట ఎట్లున్నను, ఒక సత్యము స్పష్టము: భాగము ఒక్కచోటనే దొరకునట్లు చేసినచో, ధర చెప్పువాని నోటికి హద్దుండదు. తెల్లని చొక్కా ధరించి, కంప్యూటరు బిల్లు ఇచ్చినంత మాత్రమున లెక్క శుద్ధము కాదు. నూనె మరకల చీటీయైనంత మాత్రమున అశుద్ధమును కాదు.

మరి ఆచరణ మార్గమేది? మరమ్మతు చేయు శరణుడు ఈ నియమములను పాటింపవలెను. ఇంజను విప్పక ముందు చెప్పినది అంచనా మాత్రమేనని స్పష్టముగా చెప్పవలెను. విప్పిన పిమ్మట నష్టము పెరిగినచో, చేయి ఆపి, బండి యజమానికి కబురు చేసి, అతని అంగీకారము తీసికొనవలెను. కూలిని కూలి యనియే, ధైర్యముగా, పూర్తిగా వ్రాయవలెను. అసలు, లోకలు, వాడినది అను భేదమును ముందుగా చెప్పి, ఏది వేయవలెనో యజమానినే నిర్ణయింపనీయవలెను. పేదవానికి లోకలు భాగమే అందుబాటులో నుండవచ్చును. దానిని చెప్పి వేయుట సహాయము, చెప్పక వేయుట ద్రోహము. తీసిన పాత భాగములను, క్రొత్తవాని ఖాళీ పెట్టెలను యజమాని చేతికి అప్పగింపవలెను.

బండి యజమాని పాటింపవలసినవియు కలవు. పనికి ముందే అడుగవలెను, పని ముగిసిన పిమ్మట కలహింపరాదు. కూలి దగ్గర బేరమాడి, సామాను దగ్గర కన్నులు మూసికొనరాదు. బిల్లు అడిగి తీసికొనవలెను. పన్ను తప్పించుకొనుటకు బిల్లు వలదని తానే చెప్పి, తరువాత మోసపోతినని ఏడ్చుట తగదు. వాహన విడిభాగములలో పెక్కింటిపై 28 శాతముగా నుండిన పన్ను 2025 సెప్టెంబరు 22 నుండి 18 శాతమునకు తగ్గినది. ఇప్పుడా సాకును బలహీనమైనది. అనుమానము కలిగినచో మొదట మేస్త్రీనే అడుగవలెను. బజారులో అడిగి, స్టాండులో చాటి, చివర అతని వద్దకు వచ్చుట ధర్మక్రమము కాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది ఆ కుర్రవాని మాట. షెడ్డులో చేరిన పిల్లవాడు స్పానరు పట్టుట మాత్రమే నేర్చుకొనడు. చీటీ ఎట్లు వ్రాయుదురో చూచుచుండును. యజమాని ఒక భాగమునకు వేరొక పేరు పెట్టినప్పుడు ఆ పిల్లవాడు దానిని కూడ విద్యగానే గ్రహించును. రేపు అతడు తన షెడ్డు పెట్టినప్పుడు ఆ విద్యనే వినియోగించును. గురువు చేతి నుండి శిష్యునికి లింగము వచ్చినట్లే, అసత్యము కూడ చేతి నుండి చేతికి వచ్చును. ఆ దినమున కుర్రవాడు కలము ఆపి చూచిన చూపులో, "ఇప్పుడు నేనేమి నేర్చుకొనవలెను?" అను ప్రశ్న యుండెను. ఆ ప్రశ్నకు మేస్త్రీ సరియైన సమాధానము చెప్పెను. ఆ సమాధానమునకు అతనికైన ఖర్చు కొన్ని వందల రూపాయలు. దక్కినది ఒక శిష్యుని జీవితము.

పిమ్మట ఆ షెడ్డులో ఒక పలక వెలసినది. ఏ పనికి ఎంత కూలియో దాని మీద వ్రాయబడెను. దానిని చూచి కొందరు, "ఇచట కూలి ఎక్కువ" అని వెడలిపోయిరి. రెండు మాసములు షెడ్డు పలుచబడినది. మేస్త్రీ భార్య నగ తాకట్టు పడినది. సత్యమార్గమున వెంటనే సుఖము కలుగునని ఎవరును చెప్పలేరు. కాని అతడు పలకను తుడిచివేయలేదు. మూడవ మాసమున మొదట తిరిగి వచ్చినది ఆ ఆటోవాడే. "అన్నా, బ్రేకు పట్టుట లేదు, చూడుము" అనెను. పని ముగిసెను. పలక మీద వ్రాసినంత కూలియు, పెట్టె మీద నున్నంత వెలయు, ఒక్క మాట లేకుండ లెక్కించి ఇచ్చెను. కుర్రవాడు బిల్లు వ్రాసెను. ఈసారి అతని కలము ఎచటను ఆగలేదు.

శరణ బంధువులారా! పూజామందిరమున దీపము వెలిగించుట సులభము. చీటీలో సత్యము వ్రాయుట కష్టము. ఆ కష్టమైనదానినే బసవాది శరణులు భక్తి యనిరి. ఇచ్చువాడు శ్రమను గౌరవించి ఇచ్చుగాక! పుచ్చుకొనువాడు లెక్క చూపి పుచ్చుకొనుగాక! ఇరువురి నడుమ నున్న ఆ చిన్న చీటీయే లింగము ముందుంచదగిన పత్రి యగుగాక!

శరణు శరణార్థి.